రెండు క్యాన్సర్లున్న మనిషిని ఎవరు చూస్తారు? ఉత్తరాంధ్ర క్యాన్సర్ వైద్యులకు, ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

ఉత్తరాంధ్రలోని క్యాన్సర్ వైద్యులకు, క్యాన్సర్ ఆసుపత్రుల యాజమాన్యాలకు, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ కార్యకర్తను. మా అమ్మకు 62 ఏళ్ళు. ఆమెకు ఒకేసారి రెండు క్యాన్సర్లు బయటపడ్డాయి. ఒకటి అంగిట్లో, ఒకటి కుడి రొమ్ములో. మొదటిది ముదిరి రెండో చోటికి పాకింది కాదు. దేనికది విడిగా పుట్టినవే. ఈ సంగతి మీ అందరికీ వేరువేరుగా చెప్పాం, అర్జీలు పెట్టుకున్నాం. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఏ ఆసుపత్రినీ, ఏ డాక్టరునూ పేరు పెట్టి నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. చూసిన డాక్టర్లలో చాలామంది ఓపిగ్గానే మాట్లాడారు. ఎవరికి వారు తమ వంతు పని చేశారు కూడా. కానీ ఆ వంతులన్నీ కలిపి చూసేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. మా అమ్మకు జరిగిన నష్టం అక్కడే జరిగింది.

మా వైపు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని పీలుస్తారు. సెగంతా తిన్నగా అంగిటికే తగులుతుంది. 1960ల చివర్లో దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకుని 50,915 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించిన పెద్ద అధ్యయనంలో శ్రీకాకుళం ఒక జిల్లా. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిట్లో వచ్చే మచ్చలు, పుండ్లు అప్పట్నుంచీ వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. మా అమ్మ పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టిందట. నాట్లకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళంతా తాగేవారు, ఆవిడా తాగింది. ఇందుకు ఆమెను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఓపీలో కూర్చోబెట్టి అందరి ముందూ మందలించే హక్కు మరెవరికైనా ఉందని కూడా నేను అనుకోను.

అంగిట్లో రూపాయి బిళ్ళంత పుండు. ముక్క తీసి పరీక్షకు పంపితే స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పైపొరలో పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. తర్వాత ఒళ్ళంతా చూసే పెట్ స్కాన్ తీశారు. అందులో కుడి రొమ్ములో ఒక గడ్డ కనిపించింది. ఆ గడ్డకు సూది కూడా వేయకుండానే, నోటి క్యాన్సర్ రొమ్ముకు పాకిందనీ, నాలుగో దశ అనీ కాగితం మీద రాసేశారు. నొప్పి మాత్రలిచ్చి, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోమన్నారు. ఆ మాట విని ఇంటికొచ్చాక మా నాన్న అన్నం మానేశాడు. చుట్టాలు చివరి చూపు అనుకుని వచ్చి వెళ్ళసాగారు.

మరో ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆ స్కాన్ చూసి, నోటి క్యాన్సర్ ముందు మెడ గ్రంథులకు పాకుతుంది, అవి శుభ్రంగా ఉండగా రొమ్ముకు చేరడం చాలా అరుదు, ఇక్కడ కూడా ముక్క తీద్దాం అంది. తీశారు. డక్టల్ కార్సినోమా, హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఒంట్లోని హార్మోన్ల బలంతో పెరిగే రకం. రొమ్ములోనే పుట్టిన వేరే క్యాన్సర్ అన్నమాట. దశ చూస్తే రెండూ రెండో దశే. రెండింటికీ నయమయ్యే వైద్యం ఉంది. ఒక సూది పరీక్షతో, చావుకు సిద్ధపడమన్న మనిషి వైద్యానికి సిద్ధపడాల్సిన మనిషి అయింది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. రెండు క్యాన్సర్లు వేరువేరుగా పుట్టినవని తేల్చడానికి వారెన్, గేట్స్ అనే ఇద్దరు వైద్యులు 1932లోనే మూడు నియమాలు పెట్టారు. రెండు గడ్డలూ క్యాన్సరేనని విడివిడిగా రుజువు కావాలి, దేనికది వేరుగా ఉండాలి, ఒకటి రెండోదాని నుంచి పాకింది కాదని తేలాలి. ముక్క పరీక్ష లేకుండా వీటిలో ఏదీ తేలదు. జీవితకాలంలో ఒకటికి మించి క్యాన్సర్లు వచ్చేవాళ్ళు క్యాన్సర్ రోగుల్లో 2 నుంచి 17 శాతం దాకా ఉంటారని రకరకాల అధ్యయనాలు లెక్కగట్టాయి. వాళ్ళలో ఎక్కువమందికి రెండోది ఏళ్ళ తర్వాత వస్తుంది. ఒకేసారి బయటపడేవాళ్ళు తక్కువే. తక్కువ మందే కదా అని దారి వెయ్యకుండా వదిలేస్తే, వాళ్ళు ప్రతిసారీ అడవిలో పడ్డట్టే.

అసలు అవస్థ ఆ తర్వాత మొదలైంది. నోటికి ఒక ఆసుపత్రి, రొమ్ముకు ఒక ఆసుపత్రి. నోరు చూసే డాక్టరు, రొమ్ము సంగతి తేల్చుకుని రమ్మన్నారు. రొమ్ము చూసే డాక్టరు, ముందు కీమో ఎక్కించి గడ్డను తగ్గిస్తామన్నారు. నోట్లో పుండుతో కీమో ఎలా అంటే, నోటి వాళ్ళ దగ్గర్నుంచి రాయించుకు రమ్మన్నారు. వాళ్ళేమో వీళ్ళ దగ్గర్నుంచి రాయించుకు రమ్మన్నారు. ఒక కౌంటర్‌లో అయితే, ఒక ఉచిత వైద్యం కార్డు మీద ఒకేసారి రెండు క్యాన్సర్లకు అప్రూవల్ రాదన్నారు. ఆ నిబంధన ఎక్కడుందో చూపించమంటే చూపించలేదు. రెండు ఫైళ్ళు సంచిలో పెట్టుకుని, ఒకదాని కాగితాలు ఇంకొకదానికి జెరాక్స్ తీయించుకుంటూ తిరిగాం. ఒకరోజు బస్సులో అమ్మ అడిగింది: "నోట్లోదొకరు, రొమ్ములోదొకరు సూత్తే, నన్నెవులు సూత్తారే?"

ఈ తిరుగుడులో అంగిట్లో పుండు ఎముకలోకి దిగింది. మొదట్లో అయితే చిన్న ఆపరేషన్‌తో పోయేది, పై దవడ ఎముకలో కొంత తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు అంగిట్లో ఉన్న కంతకు అబ్ట్యురేటర్ అనే పళ్ళెం పెట్టుకుంటేనే ఏదైనా తినగలదు. అది సరిగ్గా కూర్చోకపోతే తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. పదిమందిలో భోజనానికి కూర్చోవడం మానేసింది. మాట ముక్కుతో వస్తుంది, ఫోనులో మా తమ్ముడికి సగమే అర్థమవుతుంది.

చివరికి దారి దొరికింది ఎలాగో కూడా చెప్పాలి, ఎందుకంటే నేను అడగబోయేది దాన్నే. ఒక చోట నోటి సర్జన్, రొమ్ము సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, ముక్క పరీక్షలు చూసే పాథాలజిస్టు ఒకే గదిలో కూర్చుని రెండు ఫైళ్ళూ ముందు పెట్టుకున్నారు. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారట. గంటలోపే తేల్చారు. రొమ్ముది హార్మోన్ పాజిటివ్ కాబట్టి, రోజుకొక లెట్రోజోల్ అనే హార్మోను తగ్గించే మాత్రతో దాన్ని అదుపులో పెట్టి, ముందు ప్రమాదం ఎక్కువున్న నోటికి ఆపరేషన్ చేద్దామన్నారు. కోలుకున్నాక నోటికి రేడియేషన్, ఆ తర్వాత రొమ్ము ఆపరేషన్. అదే చేశారు. ఈ తీర్మానానికి కొత్త మిషను అక్కర్లేదు, విదేశీ మందు అక్కర్లేదు. ఆ ఐదుగురూ మొదటి వారంలోనే కలిసి కూర్చుని ఉంటే మా అమ్మ దవడ దక్కేది.

ఆసుపత్రుల వరండాల్లో ఇలాంటి కుటుంబాలు మాకు ఇంకా తగిలాయి. వాళ్ళ అనుభవాలు, మా అనుభవం కలిపి మీ ముందు ఈ విషయాలు పెడుతున్నాను.

1. రెండో గడ్డకు ముక్క పరీక్ష చేయకుండా "పాకింది" అని రాయకూడదు. స్కాన్‌లో వెలిగినదల్లా పాకిన క్యాన్సర్ కాదు. కొన్నిసార్లు అది టీబీ కావచ్చు, మామూలు వాపు కావచ్చు, మా అమ్మ విషయంలోలా వేరే క్యాన్సరూ కావచ్చు. ముక్క తీయడానికి వీల్లేని చోటు అయితే ఎందుకు తీయలేదో కాగితం మీద రాయండి. నాలుగో దశ అని మీరు రాసిన మరుక్షణం ఆ ఇంట్లో పొలం అమ్మకాలు, అప్పుల లెక్కలు, ఆశ వదులుకోవడాలు మొదలైపోతాయి. మళ్ళీ కాదని చెప్పినా పోయిన నెలలు తిరిగిరావు.

2. రెండు క్యాన్సర్లని తేలిన ప్రతి రోగి ఫైలూ, దేనికైనా సరే వైద్యం మొదలుపెట్టకముందే, ట్యూమర్ బోర్డు ముందుకు వెళ్ళాలి. కొత్త మందుల ట్రయల్స్‌లో సాధారణంగా రెండో క్యాన్సర్ ఉన్నవాళ్ళను చేర్చుకోరు. కాబట్టి ఇలాంటి రోగికి పుస్తకంలో చూసి చెప్పే రెడీమేడ్ వైద్యం ఉండదు. నలుగురు కలిసి ఆలోచించడం ఒక్కటే మార్గం. ఏది ముందు ప్రాణం తీస్తుంది, ఏది కొన్నాళ్ళు ఆగుతుంది, రెంటికీ పనిచేసే మందు ఏదైనా ఉందా, ఒకే మత్తులో రెండు ఆపరేషన్లూ చేయొచ్చా అన్నది అక్కడే తేలాలి. చిన్న ఆసుపత్రుల్లో అన్ని రకాల నిపుణులూ ఉండరని మాకు తెలుసు. అందుకే 2012లో క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ పెట్టారు. దేశంలో 300కు పైగా ఆసుపత్రులు, సంస్థలు అందులో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కూర్చునే ట్యూమర్ బోర్డులు నడుస్తున్నాయి. టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన విశాఖ అగనంపూడిలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చే జంట క్యాన్సర్ కేసులకు అలాంటి బోర్డులో వారానికొక సమయం కేటాయించండి. రోగిని బస్సెక్కించనక్కర్లేదు, ఫైలు వెళ్తే చాలు.

3. రోగికి ఒకే డాక్టరు బాధ్యుడిగా ఉండాలి. ఎన్ని విభాగాలు చూసినా, ఫోను చేస్తే పలికే పేరు ఒకటి, ప్లాన్ కాగితం ఒకటి. ఆ కాగితం మీద రెండు జబ్బుల మందులూ, డోసులూ, తేదీలూ ఉండాలి. ఇది ఎందుకంటే: కొన్ని మందులకు జీవితకాలపు హద్దు ఉంటుంది. ఎర్ర మందు అని మేము పిలిచే డాక్సోరుబిసిన్ హద్దు దాటితే గుండె దెబ్బతింటుంది. ఒక ఆసుపత్రి ఎంత ఎక్కించిందో రెండో ఆసుపత్రికి తెలియకపోతే ఆ లెక్క ఎవరు వేస్తారు? రేడియేషన్ కూడా అంతే. మెడకు పెట్టే కరెంటు, రొమ్ము క్యాన్సర్‌లో మెడ కింది కాలర్ ఎముక పైన పెట్టే కరెంటు ఒకదాని మీద ఒకటి పడే ప్రమాదం ఉంది. మొదటి చోట పెట్టినదాని ప్లాన్, బొమ్మలతో సహా, రెండో చోటికి అందాలి. "రేడియేషన్ పూర్తయింది" అని ఒక్క వాక్యం రాసి డిశ్చార్జి చేస్తే సరిపోదు.

4. మా జిల్లాకు ఇంకో సంగతి ఉంది. ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ఎందుకు కట్టాల్సి వచ్చిందో అందరికీ తెలుసు. నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు ఎక్కువగా వాడే సిస్ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీసే మందు. అటు వైపు నుంచి వచ్చిన ఒకాయనకు గొంతులో ఒక క్యాన్సర్, అన్నవాహికలో ఒకటి. పొగాకు తాకిన దారంతా దెబ్బతిని ఉంటుంది కాబట్టి ఈ రెండూ జతగా రావడం వింత కాదని, ఒకటి కనిపిస్తే రెండోదాని కోసం ఎండోస్కోపీ చేసి వెతకాలని డాక్టర్లే చెప్తారు. ఆయనకు రెండు చోట్లా సిస్ప్లాటినే రాశారు, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకుండా. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగిందని కిడ్నీ డాక్టరు చూసి ఆపించబట్టి సరిపోయింది. ఉద్దానం రోగి ఫైలులో కిడ్నీ డాక్టరు సంతకం లేకుండా కీమో మొదలు కాకూడదు. ఇది మేము బతిమాలి అడుగుతున్న విషయం కాదు. గట్టిగా అడుగుతున్నాం.

5. అప్రూవల్ సంగతి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదటిసారి మొదలైన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు అదే ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఆ కార్డు లేకపోతే మా అమ్మ ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళేదే కాదు, ఆ మేలు మేము మర్చిపోలేదు. ప్యాకేజీలు ఒక్కో చికిత్సకు ఒక్కో కోడ్ చొప్పున ఉంటాయి. అలాంటప్పుడు రెండు జబ్బులున్న మనిషికి ఏం చేయాలన్నది కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి ఊహకు వదిలేయకండి. ఇద్దరు డాక్టర్లు, రెండు ఆసుపత్రులు, రెండు కోడ్‌లు అయినా ట్యూమర్ బోర్డు కాగితం ఉంటే రెండూ ఒకేసారి మంజూరు చేయొచ్చని అన్ని నెట్‌వర్క్ ఆసుపత్రులకూ స్పష్టంగా, రాతపూర్వకంగా ఉత్తర్వు పంపండి. దాన్ని తెలుగులో ముద్రించి ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర అంటించండి. రెండో గడ్డకు చేసే ముక్క పరీక్ష, ఆ ముక్కలో క్యాన్సర్ రకం తేల్చే ఇమ్యూనో పరీక్షల ఖర్చు కూడా అందులో చేర్చండి. ఆ పరీక్షలకు డబ్బు లేక రెండోది తేలకుండానే ఉండిపోయేవాళ్ళున్నారు.

6. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. అగనంపూడి అంటే ఊరు దాటి, గాజువాక కూడా దాటి వెళ్ళాలి. ఇచ్ఛాపురం వాళ్ళకు ఆ దూరం రెట్టింపు మించుతుంది. రెండు క్యాన్సర్లంటే ఈ దారి కూడా రెండుసార్లు. రోగికి తోడు వెళ్ళే మనిషి కూలి పోతుంది, ఇంట్లో పిల్లల బడి పోతుంది. జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్ళలో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు, మొదటి ఏడాదికి 200 అన్నారు. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా అవి నిండుగా పనిచేయాలి. ప్లాన్ విశాఖలో వేసినా, కీమో ఎక్కించుకోవడం, రక్తపరీక్షలు, డ్రెస్సింగ్ ఇక్కడే జరగాలి.

7. ఇంటి మిగతావాళ్ళ సంగతి కూడా. రొమ్ము, అండాశయం క్యాన్సర్లు రెండూ ఒకరికే వచ్చినా, పెద్దపేగు, గర్భాశయం క్యాన్సర్లు రెండూ వచ్చినా వంశపారంపర్య జన్యు లోపం ఉండే అవకాశం ఎక్కువని డాక్టర్లు చెప్తారు. అలాంటి రోగికి జన్యు పరీక్ష ఉచితంగా చేయించి, కూతుళ్ళకు, అక్కచెల్లెళ్ళకు కబురు చేయండి.

ఇంకొక మాట, నా ఉద్యోగం వల్ల కళ్ళారా చూస్తున్నది. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ జాతీయ కార్యక్రమంలో ఉంది. మా ఊరికి వచ్చే ఏఎన్‌ఎం ఒకే పూట ఒకే ఆడమనిషి నోరు చూస్తుంది, రొమ్ము చూస్తుంది. రెండూ చూడాలని ఆమెకు నేర్పించారు. టార్చిలైటు తప్ప చేతిలో ఏమీ లేని ఏఎన్‌ఎం రెండూ చూడగలిగినప్పుడు, పెద్ద ఆసుపత్రిలో అన్నీ ఉన్న విభాగాలు ఎందుకు చూడలేవని అడగడానికి నాకు మొహమాటం లేదు. స్క్రీనింగ్‌లో ఒకటి కనిపిస్తే, అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్ళకు రెండోదాని కోసం కూడా తప్పకుండా వెతికి, ఆ చీటీ మీదే రాసి పంపించే పద్ధతి పెట్టండి.

డాక్టర్లకు విడిగా ఒక విన్నపం. మీ ఓపీలో ఎంత రద్దీ ఉంటుందో గంటల తరబడి ఆ బెంచీల మీద కూర్చున్న మాకు తెలుసు. అయినా, రోగిని ఇంకో డాక్టరు దగ్గరికి పంపేటప్పుడు "ఒపీనియన్ ప్లీజ్" అని రాసి చేతికివ్వకండి. ఒక్క ఫోను చేయండి. చదువు రాని ఒక ముసలావిడ, ఆమె కూతురు, మీ ఇద్దరి మధ్య కబురు మోయలేరు. మేము మోసిన ప్రతిసారీ అందులో ఏదో ఒకటి జారిపోయింది. ఒకసారి రొమ్ము ముక్క రిపోర్టులో హార్మోన్ సంగతి ఉన్న రెండో పేజీ జెరాక్స్‌లో రాలేదు. దాని కోసం ఆ విభాగం ఇంకో వారం ఆగమంది.

అధికారులను అడుగుతున్నది: 2, 4, 5 అంశాల మీద ఈ నెలాఖరులోగా నిర్ణయం తీసుకుని రాతపూర్వకంగా, తెలుగులో తెలియజేయండి. మిగతావాటికి ఎప్పటిలోగా చేస్తారో తేదీ చెప్పండి. ఈలోగా ఇప్పటికే రెండు ఫైళ్ళతో తిరుగుతున్నవాళ్ళు ప్రతి ఆసుపత్రిలోనూ ఉన్నారు. కంప్యూటర్‌లో ఒకే కార్డు నంబరు మీద రెండు క్యాన్సర్ల పేర్లున్నవాళ్ళను వెతికితే జాబితా ఒక్క పూటలో వస్తుంది. ముందు వాళ్ళను పిలిపించండి.

ఇట్లు,
ఒక రోగి కూతురు, అంగన్‌వాడీ కార్యకర్త,
శ్రీకాకుళం జిల్లా